లైబ్రరీకి 25,000 వచ్చింది: ప్రోగ్రామింగ్ మాన్యువల్స్ అచ్చువి కొనాలా, నెట్‌లో ఉచితంగా ఉన్నవి సరిపోతాయా?

ల్యాబ్_మేడమ్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏజెన్సీ ప్రాంతంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. ఈ ఏడాది మా డిపార్ట్‌మెంట్‌కి లైబ్రరీ పుస్తకాల కోసం 25,000 రూపాయలు వచ్చాయి. నెలాఖరులోగా లిస్టు ఇవ్వాలి. పైథాన్, సీ, డేటాబేస్‌లకు మంచి రిఫరెన్స్ మాన్యువల్స్ కొందామని నేను అంటున్నాను. "అవన్నీ నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా మేడమ్, ఆ డబ్బుతో ఇంకేదైనా చేద్దాం" అని మా జూనియర్ లెక్చరర్ అంటున్నాడు.

అతను చెప్పింది తప్పనలేను. కానీ మా ల్యాబ్‌లో 30 సిస్టమ్స్ ఉన్నా, గట్టి వాన పడిన రోజు ఒక్కదానికీ నెట్ ఉండదు. పిల్లల్లో సగం మందికి ఇంట్లో ఫోన్ తప్ప కంప్యూటర్ లేదు. నేను అడిగేది పరీక్ష గైడ్ల గురించి కాదు, అవి షెల్ఫ్ నిండా ఉన్నాయి. ఒక ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఎప్పుడు ఎర్రర్ ఇస్తుంది అని ఉన్నదున్నట్టు చెప్పే మాన్యువల్స్ గురించి. ఇలాంటి డబ్బు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేను, అందుకే అడుగుతున్నాను.

కోడ్_కావలి | సోమవారం, రాత్రి 10:05

మేడమ్, నా మాట సూటిగా చెబుతాను. కొనకండి.

నేను రోజూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పని చేస్తాను. దానికి ఏటా ఒక కొత్త మేజర్ వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కి 5 ఏళ్లు సపోర్ట్. పీడీఎఫ్‌గా తీస్తే మాన్యువల్ 3000 పేజీల చుట్టూ ఉంటుంది. అంత లావు పుస్తకం అచ్చు వేసి మీ ఊరు చేరేలోపు ఇంకో వెర్షన్ వచ్చేస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే పేజీ పైనే వెర్షన్ నంబర్లు వరసగా ఉంటాయి, ఏది కావాలంటే అది నొక్కడమే. వెతకడానికి రెండు సెకన్లు. ఉదాహరణని కాపీ చేసి అక్కడికక్కడే నడిపి చూడొచ్చు.

ఆ డబ్బుతో ఒక పాత సిస్టమ్‌లో మంచి హార్డ్ డిస్క్ వేయించి, డాక్యుమెంటేషన్ మొత్తం దించుకుని ల్యాబ్ నెట్‌వర్క్‌లో పెట్టండి. వాన పడినా పని చేస్తుంది.

కోఠి_పాతపుస్తకం | సోమవారం, రాత్రి 11:20

కోడ్_కావలి తమ్ముడూ, వెతకడం వేరు, చదవడం వేరు. వెతకాలంటే ఏం వెతకాలో ముందే తెలిసుండాలి కదా.

ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కెర్నిహాన్, రిచీ రాసిన సీ పుస్తకం కొన్నాను, 1988 నాటి రెండో ఎడిషన్. అట్ట చిరిగి ఉంది. 300 పేజీలైనా లేవు. చివర్లో అపెండిక్స్‌గా సీ భాష రిఫరెన్స్ మాన్యువల్ మొత్తం ఉంటుంది. ఆ సెలవుల్లో మా ఇంట్లో కంప్యూటర్ లేదు. పేజీ తర్వాత పేజీ చదువుతూ, కాగితం మీద ప్రోగ్రాములు రాస్తూ, అవుట్‌పుట్ ఏమొస్తుందో పెన్సిల్‌తో పక్కనే రాసుకున్నాను. పాయింటర్, అర్రే దాదాపు ఒకేలా ఎందుకు ప్రవర్తిస్తాయో నాకు అర్థమైంది అప్పుడే. ఎవరూ చెప్పలేదు, వీడియో చూడలేదు.

ఇప్పటి పిల్లలు ఒక ఫంక్షన్ పేజీకి వెళ్తారు, కావలసిన లైన్ తీసుకుంటారు, బయటికి వచ్చేస్తారు. పక్క పేజీలో ఏముందో చూడరు. పుస్తకంలో ఆ పక్క పేజీ ఎలాగైనా కంట్లో పడుతుంది. మేడమ్ గారూ, ఆ పుస్తకం రెండు కాపీలు తప్పకుండా కొనండి.

మ్యాన్_పేజీ | మంగళవారం, ఉదయం 6:50

కోఠి అన్నా, ఆ పుస్తకం నాకూ ప్రాణం. కానీ కొనే ముందు మేడమ్‌కి ఒక విషయం చెప్పి తీరాలి. దాని అపెండిక్స్ బీలో "గెట్స్" ఫంక్షన్ మామూలు ఫంక్షన్‌లాగే ఉంటుంది. ఇన్‌పుట్ లైన్ చదివి అర్రేలో పెడుతుందని చెప్పి ఊరుకుంటుంది, హెచ్చరిక ఏమీ లేదు. అర్రేలో ఎంత చోటుందో ఆ ఫంక్షన్‌కి తెలియదు. లైన్ పొడుగ్గా వస్తే పక్కనున్న మెమరీ మీద రాసేస్తుంది.

ఆ ఎడిషన్ వచ్చిన 1988లోనే, నవంబర్‌లో, మోరిస్ వర్మ్ అనే, తనంతట తాను పాకే ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లోని వేల కంప్యూటర్లలోకి పాకింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ అనే, యూజర్ల వివరాలు చెప్పే సర్వర్ ప్రోగ్రామ్‌లో ఉన్న ఈ గెట్సే. 2011 సీ ప్రమాణంలో ఆ ఫంక్షన్‌నే తీసేశారు. మీ లైనక్స్‌లో గెట్స్ మ్యాన్ పేజీ, అంటే సిస్టమ్‌లోనే ఉండే మాన్యువల్ పేజీ, తెరిస్తే, ఈ ఫంక్షన్ ఎన్నడూ వాడొద్దని ముందే చెబుతుంది.

పుస్తకానిది తప్పు కాదు. అచ్చైన రోజున ఆగిపోవడం పుస్తకం స్వభావం. మ్యాన్ పేజీని ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు. పుస్తకం కొనండి మేడమ్, ఆ పేజీలో మాత్రం ఒక చీటీ అంటించండి.

పాత_మెయిన్‌ఫ్రేమ్ | మంగళవారం, ఉదయం 8:15

నాకు ఇప్పుడు 58. 1998లో చెన్నైలో మెయిన్‌ఫ్రేమ్‌లు అనే పెద్ద కంప్యూటర్ల మీద వైటూకే పనుల్లో, అంటే 2000 సంవత్సరం తేదీల సమస్య సరిచేసే పనుల్లో, నైట్ షిఫ్టులు చేశాను. మా బే మొత్తానికి మెసేజెస్, కోడ్స్ మాన్యువల్ ఒకటే సెట్టు. జాబ్ అర్ధరాత్రి అబెండ్ అయితే, అంటే మధ్యలో ఆగిపోతే, కోడ్ చూసి పుస్తకం దగ్గరికి పరిగెత్తాలి. ఎస్0సీ7 లాంటివి అందరికీ నోటికి వచ్చేవి, అంకెలు ఉండాల్సిన ఫీల్డులో ఖాళీలో అక్షరాలో వచ్చి కూర్చున్నాయని అర్థం. పుస్తకం అవసరం పడేది అరుదైన వాటికే. 013 అబెండ్, పక్కన రీజన్ కోడ్ 18 అని వస్తే పేజీలు తిప్పి తిప్పి చూస్తే ఒకే వాక్యం ఉండేది: అడిగిన మెంబర్ ఆ లైబ్రరీలో లేదు. అంటే ఎవరో పేరు తప్పు టైప్ చేశారు. ఆ ఒక్క వాక్యం కోసం అరగంట, ఒక్కోసారి పుస్తకం పక్క టీమ్ వాళ్ల బల్ల మీద ఉంటే గంట.

ఆ పేజీల అంచులు చేతులు తగిలి తగిలి నల్లబడి ఉండేవి. వాటిని తలచుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అవుతుంది. అయినా చెబుతున్నాను, కోడ్‌కి అర్థం వెతుక్కునే మాన్యువల్‌ని ఈ రోజు ఎవరూ అచ్చులో కొనకూడదు. అది వెతకడానికి పుట్టినది, కంప్యూటర్‌లోనే ఉండాలి. కోఠి గారు చెప్పేది చదవడానికి పుట్టినది. రెండిటినీ మాన్యువల్ అనే ఒకే పేరుతో పిలుస్తున్నాం, చిక్కంతా అక్కడే ఉంది.

ల్యాబ్_మేడమ్ | మంగళవారం, రాత్రి 8:30

మెయిన్‌ఫ్రేమ్ సార్, ఆ తేడా నాకు ఇంత స్పష్టంగా తట్టలేదు. ధన్యవాదాలు.

వెర్షన్ల గురించి అన్నారు కాబట్టి గత నెల జరిగింది చెబుతాను. సెకండ్ ఇయర్ అమ్మాయి ఒకతె రికార్డ్ ప్రోగ్రామ్‌లో ఫోన్ నంబర్ల ముందున్న "+91" తీసేయాలి. ఇంట్లో ఫోన్‌లో పైథాన్ డాక్యుమెంటేషన్ చూసి, "రిమూవ్‌ప్రిఫిక్స్" అనే మెథడ్ ఉందని నోట్‌బుక్‌లో శుభ్రంగా రాసుకుని వచ్చింది. ల్యాబ్‌లో నడిపితే ఆట్రిబ్యూట్ ఎర్రర్, అంటే ఆ పేరుతో ఏదీ లేదని. స్పెల్లింగ్ చూసింది, బ్రాకెట్లు చూసింది, మొత్తం చెరిపి మళ్లీ టైప్ చేసింది. ముప్పావుగంట. చివరికి కళ్లల్లో నీళ్లు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాకూ వెంటనే తెలియలేదు.

మా ల్యాబ్‌లో ఉబుంటు అనే లైనక్స్ 20.04 వెర్షన్, దాంట్లో పైథాన్ 3.8. ఆ మెథడ్ వచ్చింది 3.9లో. పేజీలో ఆ సంగతి రాసే ఉంది, చిన్న అక్షరాల్లో. అమ్మాయి చూడలేదు. పుస్తకం పాతబడుతుంది అంటారు కదా, మా సిస్టమ్స్ కూడా పాతవే. అట్ట మీద 3.8 అని ఉన్న పుస్తకం ఆ రోజు ఆ అమ్మాయి చేతిలో ఉంటే ఆ ముప్పావుగంట ఏడుపు ఉండేది కాదు.

కోడ్_కావలి | మంగళవారం, రాత్రి 8:52

మేడమ్, ఇది చదివి బాధేసింది. కానీ దీనికి పుస్తకం అక్కర్లేదు. పైథాన్ సైట్‌లో 3.8 డాక్యుమెంటేషన్ విడిగా ఉంది, దించుకోవచ్చు కూడా. అసలు మీ సిస్టమ్‌లోనే ఉంది. పైథాన్ ప్రాంప్ట్ దగ్గర "హెల్ప్" అని రాసి బ్రాకెట్లలో ఎస్టీఆర్ (str) అని ఇవ్వండి, ఆ సిస్టమ్‌లో ఉన్న వెర్షన్‌లో స్ట్రింగ్‌కి ఉన్న మెథడ్స్ అన్నీ వరసగా వస్తాయి. నెట్ అక్కర్లేదు. రిమూవ్‌ప్రిఫిక్స్ ఆ లిస్టులో లేదంటే లేదు. మొదటి వారంలోనే పిల్లలకు ఇది నేర్పండి.

ఇంకోటి, 3.8కి 2024 అక్టోబర్‌తో సపోర్ట్ ముగిసింది. వీలైతే ఉబుంటు 24.04కి మారండి, పైథాన్ 3.12 వస్తుంది.

ల్యాబ్_మేడమ్ | మంగళవారం, రాత్రి 9:10

హెల్ప్ సంగతి రేపే చెబుతాను. సిస్టమ్స్ మార్చడం సెమిస్టర్ పరీక్షలయ్యాకే కుదురుతుంది. కొన్నిటికి 4 జీబీ ర్యామే ఉంది.

మ్యాన్_పేజీ | మంగళవారం, రాత్రి 10:30

నేను పని చేసే ల్యాబ్‌లో భద్రత కారణంగా బయటి నెట్ అసలు ఉండదు. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చి లోపలికి వెళ్లాలి. ఏళ్లుగా నా పనంతా మ్యాన్ పేజీల మీదే. యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబర్ 3న వచ్చింది. అందులోనే "బగ్స్" అని ఒక శీర్షిక ఉండేది, తమ ప్రోగ్రామ్‌లో ఏం లోపం ఉందో తామే రాసేవారు. అంత నిజాయితీగా రాసిన మాన్యువల్స్ చూస్తే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

అయితే ఒక దెబ్బ తిన్నాను. సీరియల్ పోర్టు నుంచి 64 బైట్ల ప్యాకెట్ చదవాలి. "రీడ్" కాల్‌కి 64 అడిగాను, ల్యాబ్‌లో అన్నిసార్లూ 64 వచ్చాయి. ఫీల్డు టెస్టులో ఒక్కోసారి 40, ఒక్కోసారి 12. డేటా అంతా చిందరవందర. మూడు రోజులు కేబుల్‌ని అనుమానించాం. అడిగినదానికన్నా తక్కువ బైట్లు వస్తే అది ఎర్రర్ కాదు అని మ్యాన్ పేజీలో స్పష్టంగా ఉంది. ఆ పేజీ నేను ఎన్నోసార్లు తెరిచినవాణ్నే. కావలసిన లైన్ చూసుకుని మూసేసేవాణ్ని.

తర్వాత మైకేల్ కెరిస్క్ రాసిన లైనక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ పుస్తకం తెప్పించుకున్నాను. 2010లో వచ్చింది, 1552 పేజీలు. సాకెట్ల భాగంలో "రీడ్‌ఎన్" అనే చిన్న ఫంక్షన్ రాసి చూపిస్తాడు, అడిగినన్ని బైట్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివే లూపు. అది చూశాక రీడ్ అంటే "ఇన్ని ఇవ్వు" అని కాదు, "ఇన్నిటిదాకా ఉంటే ఇవ్వు" అని బుర్రకెక్కింది.

ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఈ కెరిస్కే చాలా ఏళ్లు లైనక్స్ మ్యాన్ పేజీల ప్రాజెక్టుని నడిపాడు. ఉచితంగా దొరికేదీ ఆయన చేతి పనే, డబ్బులిచ్చి కొనేదీ ఆయన చేతి పనే. రెండూ ఒకటే అయితే ఆయన రెండోది రాయనక్కర్లేదు కదా.

అమీర్‌పేట్_2007 | బుధవారం, ఉదయం 7:05

ఇక్కడ అచ్చు మాన్యువల్ అంటే అందరూ పెద్ద కంపెనీల పుస్తకాల గురించే మాట్లాడుతున్నారు. మా తరానికి అచ్చు మాన్యువల్ అంటే మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ నోట్స్. ఒరాకిల్, కోర్ జావా, డాట్‌నెట్, ఏది కావాలన్నా పేరు చెబితే తీసి ఇచ్చేవాడు. సార్ బోర్డు మీద చెప్పింది ఎవరో అబ్బాయి ముత్యాల్లాంటి చేతిరాతతో రాసుకుంటే, అదే వందల కాపీలు. మా నాన్న ధాన్యం అమ్మి పంపిన డబ్బులో ఫీజు, హాస్టల్ పోగా మిగిలిన దాంతో కొన్నవే. పక్కనే నెట్ సెంటర్‌లో గంటకు 20 రూపాయలు పెట్టి ఎవరు చదువుతారు?

వాటితోనే నాకు ఉద్యోగం వచ్చింది, ఆ కృతజ్ఞత ఉంది. కానీ అందులో ప్రతి ఫంక్షన్ పనిచేసేదే ఉండేది, పనిచేయనప్పుడు ఏమవుతుందో ఉండేది కాదు. మొదటి ఉద్యోగంలో నా ప్రోగ్రామ్ నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో పడిపోతే టీమ్ లీడ్ "జావాడాక్ (జావా అసలు డాక్యుమెంటేషన్) చదివావా" అన్నాడు. ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ రాత్రి ఆఫీసులోనే కూర్చుని స్ట్రింగ్ క్లాస్ పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. చాలా మెథడ్స్ కింద, ఏం ఇస్తే ఏ ఎక్సెప్షన్ వస్తుందో రాసి ఉంది. అది ఉచితం. నాకు ఎవరూ చెప్పలేదు అంతే.

మేడమ్, మీ పిల్లలకు పుస్తకం ఇచ్చినా సైట్ ఇచ్చినా, అసలు మాన్యువల్ ఇవ్వండి. దాని నోట్స్ కాదు.

థర్డ్_ఇయర్_సీఎస్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

అందరూ పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు, స్టూడెంట్‌గా నేనూ ఒకటి చెప్పొచ్చా? నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాకు డాక్యుమెంటేషన్‌లో కష్టం కోడ్ కాదు, ఇంగ్లిష్. పైథాన్ ట్యుటోరియల్ మొదటి నాలుగు చాప్టర్లు మా అన్నయ్య ఆఫీసులో ప్రింట్ తీసి ఇచ్చాడు. పెన్సిల్‌తో ప్రతి కష్టమైన మాట మీద తెలుగులో రాసుకున్నాను. "మ్యూటబుల్" మీద "మార్చగలిగేది". "డెప్రికేటెడ్" మీద "ఇంకా ఉంది కానీ వాడొద్దంటున్నారు". "ఇటరబుల్"కి మాట దొరక్క "ఒక్కొక్కటిగా ఇచ్చేది" అని రాసుకున్నాను. రెండోసారి చదివినప్పుడు డిక్షనరీ అవసరం పడలేదు. ఫోన్‌లో ఇలా రాసుకోవడం నాకు కుదరలేదు. పైగా ఫోన్ తీస్తే మధ్యలో మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి.

ఇంకోటి, ఐసీపీసీ అనే కాలేజీ ప్రోగ్రామింగ్ పోటీలకు వెళ్లే సీనియర్లు 25 పేజీల రిఫరెన్స్ ప్రింట్ తీసుకెళ్తారు, ఫైనల్స్‌లో కూడా అంతవరకు అనుమతి ఉంది. నెట్ ఉండదు. ఆ 25 పేజీల్లో ఏం పెట్టాలో తేల్చుకోవడానికే నెలలు పడుతుందట. అలా తేల్చుకోవడంలోనే సగం నేర్చుకున్నామని మా సీనియర్ అన్నాడు.

కోఠి_పాతపుస్తకం | బుధవారం, మధ్యాహ్నం 2:15

బాబూ, "ఇంకా ఉంది కానీ వాడొద్దంటున్నారు" చాలా బాగుంది. ఆ మాటలన్నీ ఒకచోట రాసి ఇక్కడ పెట్టు, మాకూ పనికొస్తాయి.

లైసెన్స్_చదివేవాడు | బుధవారం, రాత్రి 9:25

ఇంత చర్చలో ఒక మాట ఎవరూ ఎత్తలేదు. కొనడం, నెట్‌లో చదవడం, ఈ రెండే కాదు దారులు. మూడోది ఉంది. మీకు కావలసిన పేజీలు మీరే అచ్చు వేయించుకోవడం. దానికి హక్కు ఉందా లేదా అన్నది లైసెన్స్ చూస్తే తెలుస్తుంది.

ఉచితంగా చదవనివ్వడం వేరు, ప్రింట్ తీసి పంచనివ్వడం వేరు. మైసీక్వెల్ డేటాబేస్ మాన్యువల్ ఎవరైనా చదవొచ్చు, కానీ ప్రింట్ సొంత వాడకానికే అని షరతు ఉంది. కాలేజీలో 30 కాపీలు పంచితే అది సొంత వాడకం కాదు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ అలా కాదు, కాపీరైట్ నోటీసు ఉంచి ఎన్ని కాపీలైనా వేసుకోవచ్చు. పైథాన్ డాక్యుమెంటేషన్ కూడా అంతే, నోటీసు, లైసెన్స్ పేజీ తీసేయకూడదు. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మాన్యువల్స్ కోసమైతే 2000లో ప్రత్యేకంగా ఒక డాక్యుమెంటేషన్ లైసెన్స్ తెచ్చారు. అందులో మార్చకూడని భాగాలు ఉండొచ్చన్న నియమం మీద డెబియన్ అనే లైనక్స్ తయారుచేసే వాళ్లు 2006లో ఓటింగే పెట్టుకున్నారు. అలాంటి భాగాలు లేకపోతేనే స్వేచ్ఛా డాక్యుమెంటేషన్‌గా ఒప్పుకుంటామన్నారు. మాన్యువల్ లైసెన్స్‌ని అంత పట్టుదలగా చూసే వాళ్లు ఉన్నారు కాబట్టే ఈ రోజు మనం ధైర్యంగా ప్రింట్ తీసుకోగలుగుతున్నాం.

బ్రిటన్‌లో నెట్‌వర్క్ థియరీ అని ఒక చిన్న ప్రచురణ సంస్థ ఇదే పని చేసేది. పైథాన్, పోస్ట్‌గ్రెస్ లాంటి ఉచిత మాన్యువల్స్‌ని పుస్తకాలుగా అచ్చు వేసి అమ్మేది, కొన్ని పుస్తకాల మీద కాపీకి ఒక డాలర్ చొప్పున ఆ ప్రాజెక్టులకే ఇచ్చేది. అదే పని మీ ఊరి జిరాక్స్ షాపు చేయగలదు మేడమ్. 3.8 మాన్యువల్‌లో మీ సిలబస్‌కి తగిన చాప్టర్లు ఎంచుకోండి. అట్ట మీద వెర్షన్ పెద్ద అక్షరాల్లో వేయించండి.

డల్లాస్_నుంచి | గురువారం, ఉదయం 5:30

చిన్న మాట. ఆన్‌లైన్‌ది ఎప్పటికీ అక్కడే ఉంటుందని ధీమా వద్దు. 2020 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా దాదాపు 250 మందిని తీసేసినప్పుడు వెబ్ డెవలపర్లందరూ వాడే ఎండీఎన్ డాక్యుమెంటేషన్ టీమ్ మీదా దెబ్బ పడింది. 2021లో ఓపెన్ వెబ్ డాక్స్ అని వేరే ఏర్పాటు చేసి రాసేవాళ్లకు జీతాలు ఇవ్వాల్సి వచ్చింది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో సొంతంగా మొదలుపెట్టిన డాక్యుమెంటేషన్ విభాగం 2016లో వచ్చి 2017లో మూతపడింది. ఉచితం అంటే మనం కట్టట్లేదని అర్థం, వెనక ఎవరో కష్టపడుతూనే ఉంటారు. దించుకుని దగ్గర పెట్టుకోండి. వీలైన రోజున ఆ ప్రాజెక్టులకు ఎంతో కొంత పంపండి.

కోడ్_కావలి | గురువారం, ఉదయం 9:00

మొదట్లో కొనకండి అని అన్నాను. 3000 పేజీల పుస్తకం విషయంలో ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ తెలుగు మీడియం తమ్ముడి పెన్సిల్ నా ఆలోచనలో లేనేలేదు. నేను ఇంగ్లిష్ మీడియంలో చదివాను, ఆ ఇబ్బంది నాకు ఎదురుకాలేదు. మేడమ్, దించుకున్న డాక్యుమెంటేషన్‌ని సర్వర్‌లో పెట్టడం రాకపోతే చెప్పండి, శనివారం ఫోన్‌లో చెబుతూ చేయిస్తాను.

ల్యాబ్_మేడమ్ | ఆరు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:15

ఆలస్యానికి క్షమించండి, పరీక్షల హడావుడి. ఏం చేశామో చెబుతాను.

సీ పుస్తకం రెండు కాపీలు, కెరిస్క్ పుస్తకం ఒకటి వచ్చాయి. గెట్స్ ఉన్న పేజీలో చీటీ అంటించాం. "ఇది 2011లో తీసేశారు, బదులు ఎఫ్‌గెట్స్ వాడండి" అని మా జూనియర్ లెక్చరరే ఎర్ర ఇంకుతో రాశాడు. పాత సిస్టమ్ ఒకటి సర్వర్ అయింది. పైథాన్ 3.8, పోస్ట్‌గ్రెస్, సీ లైబ్రరీ మాన్యువల్స్ అందులో ఉన్నాయి. కోడ్_కావలి గారు రెండు శనివారాలు కూర్చుని చేయించారు, ఆయనకు మా పిల్లలందరి తరఫున నమస్కారాలు.

పైథాన్ ట్యుటోరియల్, స్ట్రింగ్స్, లిస్టులు, ఫైల్స్, ఎక్సెప్షన్స్ చాప్టర్లు కలిపి స్పైరల్ బైండింగ్ చేయించాం, పది కాపీలు. లైసెన్స్ పేజీ చివర్లో అలాగే ఉంచాం. ఒక వైపు ఎక్కువ ఖాళీ మార్జిన్ వదలమని షాపతన్ని అడిగాను. పేజీలు పెరుగుతాయి మేడమ్ అన్నాడు, పెరగనివ్వండి అన్నాను.

మొన్న లైబ్రేరియన్ గారు ఒక కాపీ పట్టుకొచ్చి, పిల్లలు పుస్తకం మీద రాస్తున్నారు, ఫైన్ వేయనా అని అడిగారు. తెరిచి చూశాను. ఎక్సెప్షన్స్ చాప్టర్‌లో "రైజ్" పక్కన ఒకరు "ఎత్తు" అని రాశారు. దాన్ని ఇంకొకరు కొట్టేసి "ఎర్రర్ పంపు" అని రాశారు. దాని కింద మూడో చేతిరాతలో "పంపు కాదు, లేపు" అని ఉంది. ఫైన్ వద్దన్నాను. పెన్సిల్ మాత్రమే వాడమని నోటీసు పెట్టాం.

సిస్టమ్స్ వేసవిలో 24.04కి మారుస్తున్నాం, అప్పుడు 3.12కి మళ్లీ బైండింగ్ వేయించాలి. పాత కాపీల్లో పిల్లలు రాసుకున్న మాటలు కొత్తదాంట్లోకి ఎక్కిద్దామని ఉంది. థర్డ్_ఇయర్_సీఎస్ బాబూ, నీ మాటల లిస్టు ఇంకా పెట్టలేదు. అది ఉంటే ముందు పేజీల్లోనే వేయిస్తాను.

థర్డ్_ఇయర్_సీఎస్ | ఆదివారం, సాయంత్రం 6:02

ఈ రాత్రికి పెడతాను మేడమ్. 140 మాటలయ్యాయి. "రైజ్"కి నేను కూడా "లేపు" అనే రాసుకున్నాను.